తోడేలు వాళ్ళ చెయ్యి

నెట్టీ చేసే దాల్చినచెక్క బన్నుల కోసం అలాస్కా రోడ్డు మీద పోయే లారీలు ఆగేవి. క్లువానీ సరస్సు ఒడ్డున, ఆ రోడ్డు పక్కనే ఉన్న హోటల్లో ఆవిడ వంటమనిషి. జడ నల్లగా ఉన్నప్పుడు చేరింది, తెల్లబడ్డాక మానేసింది. మధ్యలో పెళ్ళి చేసుకుంది, ఒక కొడుకుని కంది, మొగుడు ఆర్చీని మట్టిలో పెట్టింది. పొయ్యి దగ్గర నిలబడీ నిలబడీ ఆవిడ పాదాలు వెడల్పయిపోయాయి. కోపం ముక్కు మీదే ఉండేది. బన్ను బాగుందని మెచ్చుకున్నవాణ్ణి కూడా "బాగోకేం రోగం?" అని కసిరి పంపేది. వాడు మళ్ళీ వచ్చేవాడు.

ఆ వంటింటికి ఒకటే కిటికీ. అందులోంచి చూస్తే రోడ్డు, రోడ్డుకి అవతల కొండలు, ఆ కొండల వెనక ఎండాకాలంలో కూడా కరగని మంచు. నెట్టీ పుట్టింది ఆ కొండల్లోనే. పిండి కలుపుతూ, అంట్లు తోముతూ అన్నేళ్ళు వాటిని చూసిందే గాని, ఒక్కసారి కూడా రోడ్డు దాటి అటు వెళ్ళలేదు.

యుద్ధం రోజుల్లో సైనికులు వచ్చి ఆ రోడ్డు వేశారు. రోడ్డు వెనకాలే ఆ కొండల్లో బతికే మావాళ్ళకి తెలియని జబ్బులొచ్చాయి. జబ్బుల వెనకాలే ఒక కబురొచ్చింది. రోడ్డుకి అవతలి కొండలన్నీ ఇకనుంచి అభయారణ్యమట, అక్కడ కొండగొర్రెని గాని, దుప్పిని గాని, చివరికి నేల ఉడుతని గాని ముడితే జైలట. జంతువులకి అభయం ఇచ్చారు, మంచిదే. వాటిని తిని బతికే మనుషులకి ఏమిచ్చారో మాత్రం ఎవరూ చెప్పలేదు. అప్పటిదాకా ఆ కొండల్లో ఏ వాగు పక్కన కావాలంటే ఆ వాగు పక్కన గుడారం వేసుకున్నవాళ్ళందరూ సరస్సు ఒడ్డున ఒకే చోట ఇళ్ళు కట్టుకుని, చేపలు పట్టుకుంటూ, సొంత నేలని దూరంనుంచి చూస్తూ ఉండిపోయారు.

నెట్టీ వాళ్ళమ్మ జేనీ అయితే రోజూ సాయంత్రం గుమ్మంలో కూర్చుని ఆ కొండల దారిని వల్లె వేసేది. "ఎండుగడ్డి మిట్ట. గొర్రెలు నీళ్ళకి దిగే చోటు. రెండు చెవుల రాయి. ముసలమ్మ మోకాలు. బూడిద ఏరు." బూడిద ఏరు దాటితే ఇక రోడ్డే. నెట్టీ చేత కూడా చెప్పించేది. తప్పు చెబితే నెత్తిన మొట్టి మళ్ళీ మొదటినుంచి చెప్పించేది. పక్కింటివాళ్ళు జపం మొదలైందని నవ్వేవారు. ఆ వరసలో మొదటి పేరు దగ్గర జేనీ గొంతు ఎందుకు తగ్గుతుందో వాళ్ళకి తెలియదు. నెట్టీకి తెలుసు.

ఎండుగడ్డి మిట్ట మీద నెట్టీ చెల్లెలు రూబీ ఉంది.

అది వాళ్ళు కొండల్లో గడిపిన ఆఖరి శరత్తు. నెట్టీకి పాలపళ్ళు ఊడుతున్న వయసు, రూబీకి అడుగులు పడుతున్న వయసు. నాన్న మోజెస్ సైనికుల సామాను మోసే గుర్రాలు తోలడానికి రోడ్డు పనికి పోయాడు. గుడారంలో జేనీ, ఆవిడ ముసలి తల్లి, ఇద్దరు పిల్లలు. రూబీకి ఒళ్ళంతా దద్దుర్లు లేచి జ్వరం వచ్చింది. కొన్నాళ్ళకి ఊపిరి ఆగింది.

మా వైపు మనిషంటే కాకి అయినా కావాలి, తోడేలైనా కావాలి. తల్లి ఏ వర్గమైతే పిల్లలదీ అదే. కాకి పిల్లకి తోడేలు పిల్లవాడే వరస. కాకి మనిషి పోతే గొయ్యి తవ్వేది, పూడ్చేది, చుట్టూ కంచె కట్టేది తోడేలు వాళ్ళు. తోడేలు మనిషి పోతే ఆ పనులన్నీ కాకి వాళ్ళవి. సొంతవాళ్ళు ఆ రోజు వేలు కూడా కదపకూడదు. వాళ్ళకి మిగిలిన పని ఏడవడం, పని చేసినవాళ్ళకి కడుపునిండా తిండి పెట్టడం. అలా చేస్తేనే పోయినవాళ్ళ దారి తిన్నగా సాగుతుందని మా నమ్మకం.

ఆ గుడారంలో ఉన్న నలుగురూ కాకులే. జేనీ తోడేలు వాళ్ళ కోసం ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. నేల గడ్డకట్టడం మొదలైంది. చివరికి ఒక పొద్దున రొట్టెలు కాల్చే పెనంతో, ఒక మొనకర్రతో తన బిడ్డకి తనే గొయ్యి తవ్వింది. నెట్టీ పక్కనే నిలబడి చూసింది. అంతా అయ్యాక జేనీ మట్టిచేతులతోనే కూతురి గడ్డం పట్టుకుంది.

"నాన్నతో తోడేలు వాళ్ళొచ్చి చేశారని చెప్తాను. నువ్వు నోరు మెదపకు."

మోజెస్ వచ్చాక అలాగే చెప్పింది, దారిన పోయే తోడేలు వాళ్ళు ఆగి అన్నీ చేసిపెట్టారని. మోజెస్ చాలాసేపు నేల చూపులు చూసి, "మంచివాళ్ళు" అన్నాడు. వాళ్ళెవరని అడగలేదు. కొండలు దిగి వచ్చేశారు. ఆ తర్వాతే అభయారణ్యం కబురు.

మరుసటి వేసవిలో మోజెస్ ఎవరికీ చెప్పకుండా వేటకని రోడ్డు దాటాడు. కొన్నాళ్ళకి తిరిగొచ్చాడు. మాంసం లేదు, కనీసం ఒక తోలుముక్క కూడా లేదు. పైగా జేనీకి పుట్టింటినుంచి వచ్చిన నీలం ఇనప కప్పు పట్టుకుపోయి ఎక్కడో పారేసుకుని వచ్చాడు. ఆనాడు మొదలైన తిట్లు మోజెస్ పోయేదాకా ఆగలేదు. "తుపాకీ ఉంటే పట్టుకుంటారని గొడ్డలి పట్టుకుపోయిన వేటగాడండీ ఈయన!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. "మాంసం తేకపోతే పోయె, మా అమ్మ ఇచ్చిన కప్పు కూడా పోగొట్టాడు!" ఇంట్లో టీ పెట్టినప్పుడల్లా ఆ కప్పు మాట రావలసిందే. మోజెస్ తల వంచుకుని టీ తాగేవాడు. ఊళ్ళో చేతకానివాణ్ణి మోజెస్‌లా వేటాడాడనడం అలవాటైపోయింది. నెట్టీ కూడా చిన్నప్పుడు ఆ మాట విని నవ్వింది.

మోజెస్ ముందు పోయాడు. జేనీ పోయే ముందు నెట్టీ చెయ్యి పట్టుకుని అడిగింది ఒక్కటే.

"దాని మీద నా చెయ్యే పడి ఉందే. తోడేలు వాళ్ళ చెయ్యి ఒక్కసారైనా పడాలి. కంచె కూడా లేదు దానికి."

నెట్టీ మాటిచ్చింది. ఇచ్చాక ఏళ్ళు గడిచాయి. ఈలోగా మావాళ్ళూ ప్రభుత్వమూ కూర్చుని మాట్లాడుకుని ఒప్పందం రాసుకున్నారు, రోడ్డు దాటొచ్చు అన్నారు. కుర్రవాళ్ళు మర్నాడే తుపాకులు భుజాన వేసుకుని బయలుదేరారు. నెట్టీ మాత్రం కదల్లేదు. చిన్నప్పుడు పట్టుకున్న భయం సంతకాలతో పోదు. అదీగాక, తల్లి దాచుకున్న సంగతి ఏ తోడేలు మనిషికి చెప్పాలి? నమ్మకమైన తోడేలు ఆవిడకి ఒక్కతే ఉంది. ఆర్చీ అక్క, ఆడపడుచు క్లారా.

క్లారా పెద్ద మనిషి, పెద్ద గొంతు, ఎదుటివాళ్ళ మీద జోకు వేయందే పూట గడవదు. వరస అలాంటిది కాబట్టి నెట్టీని ఏడిపించే హక్కు తనకి పుట్టుకతో వచ్చిందనుకునేది. ఒక ఏడు ఆగస్టులో క్లారా మోకాలు బాగా పాడైపోయింది. వైట్‌హార్స్ పట్నం ఆసుపత్రిలో కోసి కొత్తది పెడతామన్నారు, ఆ తర్వాత కొండలెక్కే మాట మరిచిపొమ్మన్నారు. ఆ సంగతి విన్న సాయంత్రమే నెట్టీ ఆవిడ వంటింట్లో ప్రత్యక్షమైంది.

"వదినా, నీ మోకాలు ఎప్పుడు కోస్తున్నారు?"

"మంచు పడేలోగా. ఏమే, పాతది నీకు కావాలా పులుసు పెట్టుకోడానికి?"

"నీ మోకాలితో పులుసు పెడితే కుక్క కూడా మూతి పెట్టదు. అది కోసేలోగా నాతో కొండెక్కాలి."

క్లారా నవ్వబోయి, మరదలి మొహం చూసి ఆగింది. నెట్టీ నిలబడే మొత్తం చెప్పేసింది. జ్వరం, పెనం, మొనకర్ర, అబద్ధం, తల్లి ఆఖరి మాట, అన్నీ. అన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నది ఒక టీ మరిగేలోపు బయటికొచ్చేసింది.

క్లారా పొయ్యి మీది టీ దింపింది. "నాకు అజీర్తి చేస్తే ఊరంతా చాటిస్తావు. ఇది మాత్రం నాతో చెప్పడానికి ఇప్పుడు తీరిందా నీకు?"

"సిగ్గేసింది వదినా."

"సిగ్గు! రస్సెల్‌ని పంపిస్తే గంటలో కట్టేసొస్తాడు కంచె."

"వాడు కాకి కదా!"

"అవునే, నీ కడుపున పుట్టినవాడు కాకి కాక గద్దవుతాడా? ఊరికే అన్నాను. పద, పోదాం. మోకాలు ఎలాగూ పారేసేదే. పారేసే ముందు ఒక మంచిపని చేయిద్దాం దాని చేత."

నెట్టీ కొడుకు రస్సెల్ వాళ్ళని పాత గని బాట చివరిదాకా ట్రక్కులో దింపాడు. ఊరికి ఉడుతలు పట్టడానికి వెళుతున్నామని చెప్పారు గాని, వాడికి నిజం చెప్పక తప్పలేదు. గొడ్డలి క్లారా చేతికిచ్చి, "సాయంత్రం ఇక్కడే ఉంటాను అత్తా. పైకొస్తే చెయ్యి ఊరుకోదు నాకు" అని ట్రక్కు దగ్గరే ఆగిపోయాడు.

బూడిద ఏరు దొరకడం కష్టం కాలేదు. పైనున్న మంచుకొండ రాయిని అరగదీసి పంపిస్తుంది కాబట్టి ఆ నీళ్ళెప్పుడూ బూడిద రంగే. రాళ్ళమీద కాళ్ళు వేసుకుంటూ ఇద్దరూ దాటారు. పొదలు దట్టంగా ఉన్నచోటల్లా క్లారా గొంతెత్తి ఎలుగుబంటికి చెప్పుకుంటూ నడిచింది. "తాతయ్యా, మేం పక్కనుంచే పోతాం, నీ పళ్ళ జోలికి రాం. మేమిద్దరం ముసలాళ్ళం, మా మీద కండ కూడా లేదు."

"నీ సంగతి చెప్పుకో. తాతయ్యకి అబద్ధం చెబితే కోపమొస్తుంది" అంది నెట్టీ.

తల్లి నేర్పిన వరసని తిరగేసి చెప్పుకుంటూ నెట్టీ ముందు నడిచింది. బూడిద ఏరు తర్వాత ముసలమ్మ మోకాలు. గుండ్రటి బోడిగుట్ట ఒకటి ఎదురొచ్చింది.

"వదినా, ముసలమ్మ మోకాలు వచ్చేసింది!"

"నాది రాలేదింకా. వెనకాల ఎక్కడో ఉంది" అంది క్లారా రొప్పుతూ.

తర్వాత రెండు చెవుల రాయి రావాలి. అది కనబడిన చోట, గుట్ట పక్కనుంచి వచ్చే వాగు రెండుగా చీలుతుంది, రాయి వైపు పాయ పట్టుకుని ఎక్కాలి. వాగు చీలిన చోటు వచ్చింది. రాళ్ళు కోకొల్లలు, చెవులు మాత్రం దేనికీ లేవు. నెట్టీ ప్రతి రాయి దగ్గరా ఆగి, పక్కకి వంగి, మెడ తిప్పి చూసింది. ఏదో ఒకటిలే అని ఎడమ పాయ వెంట చాలాదూరం ఎక్కాక వాగు పూర్తిగా ఇంకిపోయింది. గొర్రెలు దిగడానికి చుక్క నీళ్ళు లేవు.

నెట్టీ ఎండిన వాగులో ఆగిపోయింది. నిద్రలో లేపి అడిగినా చెప్పగలననుకున్న దారి తప్పిపోయింది. తల్లి మొట్టిన మొట్టికాయలన్నీ వృథా అయ్యాయి. ఈ ఏడు కాకపోతే క్లారా ఇక ఎక్కలేదు, క్లారా ఎక్కలేకపోతే అమ్మకిచ్చిన మాట ఇంతే.

"మరిచిపోయాను వదినా. అమ్మ పేర్లే గుర్తున్నాయి నాకు, చోట్లు లేవు" అంది నెట్టీ, కళ్ళు తుడుచుకుంటూ.

"ముందు కూర్చోనీ. ఏడవాలనుకుంటే నేను కూర్చున్నాక ఏడు." క్లారా ఒక బండ చూసుకుని, బాగులేని కాలు వాలులోకి చాపుకుని, వచ్చిన దారికేసి మొహం పెట్టి కూలబడింది. సంచిలోంచి ఎండుమాంసం తీసి నమిలింది. నములుతూ నములుతూ ఆగిపోయింది.

"ఏమే, మీ అమ్మ ఆ రాయికి ఎన్ని చెవులంది?"

నెట్టీ వెనక్కి తిరిగింది. కింద, వాగు చీలిన చోట, రెండో పాయ ఒడ్డున, ఇందాక తను రెండుసార్లు చుట్టూ తిరిగిన బండరాయి నెత్తిమీద రెండు చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయి. కిందనుంచి చూస్తే వట్టి బండ. పైనుంచి దిగేవాళ్ళకే చెవులు కనబడతాయి.

నెట్టీకి అప్పుడర్థమైంది. తల్లి నేర్పింది వెళ్ళే దారి కాదు. బిడ్డని వదిలి, వెనక్కి చూసుకోకుండా దిగి వచ్చేసిన దారి. జేనీ ఆ పేర్లన్నీ కిందికి దిగుతూనే చెప్పింది, జీవితాంతం.

"ఇకనుంచి వెనక్కి నడుద్దామా, పీతల్లాగా?" అంది క్లారా. సరస్సులో ఉండని, నిజానికి పక్కకి నడిచే పీతని ఆవిడ ఏ టీవీలో చూసిందో గాని, నెట్టీ ఏడుపు మధ్యలో నవ్వేసింది.

ఆ తర్వాత కొంత దూరం నడవడం, ఆగి వెనక్కి తిరిగి చూడడం, మళ్ళీ నడవడం. గొర్రెలు నీళ్ళకి దిగే చోట వాటి పాత జాడలు ఇంకా గట్టుని కోసుకుంటూ ఉన్నాయి. దాని పైనే ఎండుగడ్డి మిట్ట. గడ్డి కంటే విల్లో పొదలే ఎక్కువగా పెరిగిపోయాయి. నెట్టీ పొద అంచున ఆగిపోయింది. ముందు వెళ్ళాల్సింది తను కాదు. క్లారా గొడ్డలితో కొమ్మలు తప్పిస్తూ లోపలికి పోయింది. కాసేపు కొమ్మలు విరుగుతున్న చప్పుడు వినబడింది, తర్వాత అదీ ఆగిపోయింది.

"నెట్టీ, దీనికి కంచె లేదన్నావు కదే?"

"లేదు. అమ్మ కట్టలేకపోయింది."

"వచ్చి చూడు."

పొదల మధ్య బూడిదరంగు తిరిగిపోయిన కర్రలు పడి ఉన్నాయి. నాలుగు వైపులా, చిన్న మనిషికి సరిపడా కొలతలో. చివర్లు గొడ్డలితో నున్నగా చెక్కి ఒకదాంట్లో ఒకటి బిగించిన కర్రలు. మూడు మూలలు కూలిపోయాయి. నాలుగో మూల గుంజ ఇంకా నిలబడే ఉంది. దాని నెత్తిన ఒక నీలం ఇనప కప్పు బోర్లించి ఉంది. అంచు తుప్పుపట్టింది, పిడి దగ్గర నీలం ఇంకా నీలంగానే ఉంది.

అది తల్లి పుట్టింటి కప్పేనని నెట్టీ గుర్తుపట్టింది. గడ్డిలో అలాగే కూలబడింది.

క్లారా నెమ్మదిగా అంది. "ఆ ఏడు తోడేలు మగాళ్ళందరూ రోడ్డు పనికే పోయారు. మా మేనమామలందరూ, వాళ్ళతోపాటు మీ నాన్న. ఒకే చోట పడుకున్నారు, ఒకే కుండలో తిన్నారు. దారిన పోయే తోడేలు వాళ్ళెవరే మిగిలింది? మీ అమ్మ ఆ మాట అన్నప్పుడే తెలిసిపోయుంటుంది ఆయనకి."

"మంచివాళ్ళు అన్నాడు. అంతే అన్నాడు."

"ఇంకేమంటాడు? నీ అబద్ధం నాకు తెలుసంటే ఆవిడ తల ఎత్తుకోగలదా?"

నెట్టీకి ముందు కోపం వచ్చింది. ఊళ్ళో అందరూ నవ్వుతుంటే తల వంచుకుని టీ తాగిన ఆ మనిషి మీద కోపం. జైలుకి తెగించి రోడ్డు దాటి, బిడ్డ చుట్టూ తన తోడేలు చేత్తోనే కంచె కట్టి, ఆ మాట పెళ్ళానికి కూడా చెప్పకుండా పోయిన మనిషి మీద. "చెప్పొచ్చు కదా ముసలాడా! అమ్మ చచ్చేదాకా ఏడ్చింది కదా!" అని గట్టిగా అరిచింది. కొండ ఆ మాటని ఒకసారి తిరిగి చెప్పి ఊరుకుంది. తర్వాత కోపం కరిగి, కళ్ళనుంచి ధారగా కారిపోయింది. తన తండ్రి అంటే అంత ప్రేమ తనలో ఉందని నెట్టీకి ఆ రోజుదాకా తెలియదు.

క్లారా పని మొదలుపెట్టింది. పొదలు నరికింది, కొత్త కర్రలు కొట్టుకొచ్చింది, కుంటుకుంటూ, మోకాలిని తిట్టుకుంటూ. మోజెస్ చెక్కిన కర్రల్లో పుచ్చనివి ఏరి మళ్ళీ వాటినే వాడింది. ఒక దుంగ ఎత్తలేక అవస్థపడుతుంటే నెట్టీ గబుక్కున లేచి చెయ్యి వేయబోయింది.

"తియ్యి చెయ్యి!" క్లారా ఫట్‌మని కొట్టింది. "కాకి చెయ్యి పెట్టావంటే మొత్తం పీకి మళ్ళీ మొదలుపెడతాను. నీ పని నువ్వు చేసుకో."

నెట్టీ వెనక్కి వెళ్ళి కూర్చుంది. వంటింట్లో క్షణం ఊరుకోని ఆ చేతులు ఒళ్ళో ఖాళీగా పడి ఉన్నాయి. ఆవిడ పని ఏడవడం. చెల్లెలి కోసం, ఆ పొద్దున పక్కన నిలబడి ఏడవడానికి కూడా భయపడిన చిన్నపిల్ల కోసం తీరిగ్గా ఏడ్చింది. అలా ఏడవనిస్తే మనసు ఎంత తేలికపడుతుందో, అది తన తల్లికి దక్కలేదు కదా అని మరి కాస్త ఏడ్చింది.

కంచె నిలబడ్డాక మంట వేసుకున్నారు. ఇక పెట్టే వంతు నెట్టీది. పెనం రొట్టె, ఎండుమాంసం, ఇంట్లో చేసి దాచి తెచ్చిన దాల్చినచెక్క బన్నులు తీసింది. క్లారా బన్ను కొరికి, "కాస్త గట్టిపడింది" అంది.

"గట్టిపడకేం రోగం? కొండెక్కి రాలేదూ?"

టీ మరిగింది. కప్పు ఇంటికి పట్టుకుపోదామా అని నెట్టీ చూపులతోనే అడిగింది. క్లారా అడ్డంగా తలూపింది. పోయినవాళ్ళకిచ్చింది వాళ్ళదే. కాని ముందు దాన్ని గుంజ మీదినుంచి తీసి, వాగు నీళ్ళతో కడిగి, నిండా టీ పోసి మరదలి చేతికిచ్చింది.

"ఇక మీ వాళ్ళకి పెట్టు."

మంటలో ఏది వేస్తే అది పోయినవాళ్ళకి అందుతుంది. నెట్టీ బన్ను తుంచి రూబీకి వేసింది, పెద్ద మాంసం ముక్క తండ్రికి వేసింది. ఆ తర్వాత నీలం కప్పులోని టీ నెమ్మదిగా నిప్పుల మీదికి ఒంపుతూ, గుమ్మంలో కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే మామూలు గొంతుతో చెప్పింది.

"అమ్మా, కప్పు దొరికిందే. ఇక నాన్నని తిట్టకు."